అతుకు

దేవరకొండ ఖిలా కింద ఆ ఇల్లు.
రెండడుగుల మందం రాతిగోడ,
నడుమ ఎర్రమట్టి, పైన డంగుసున్నం.
ముందు భాగం సైదమ్మది, వెనక భాగం అండాలుది.
తోడికోడండ్లు.
బోరుమోటరు బిల్లు కాడ మాట ఆగి
ఈ ఉగాదికి తొమ్మిదేండ్లు.

అండాలు బిడ్డ సుప్రజ వెనకర్రల కూసోని
ఎక్కడిదో దవాఖాన బిల్లులు కంప్యూటర్ల ఎక్కిస్తది.
పెద్దమ్మింట్ల వైఫై
ముందర్ర దాటి, జాలారు దాకొచ్చి,
ఆడ్నే కూలబడ్తది.
పిల్లకు ఎవరితోని పంచాయితీ లేదు.
పెద్దమ్మను అడిగింది. పెద్దమ్మ సరే అన్నది.
ఆ సరేను అండాలు దాకా మోసింది మాత్రం నేనే.

నేను జాంగీరును. తీగలు గుంజుడు నా పని.
టేపు తియ్యను.
మా నాయిన మోటతాడు కొల్చినట్టు బారలేస్త.
ఏడు బారలు, ఒక మూర.
సంచిల ఉన్నది ఏడు బారలేనని
అప్పుడు చూస్కోలే.

గోడ ఒప్పుకోలే.
పదహారంగుళాల బిట్టు పిడి దాకా దిగింది,
మట్టి రాలింది, ఏ కాలందో పిచ్చుక గూటి గడ్డి రాలింది,
అవతలి ఎలుగు రాలే.
ఇగ అటుదిక్కు నుంచి గూడ తొల్వాలె.
రెండు తొర్రలు ఒకదాన్నొకటి చూడకుంట
రాయి కడుపుల కలవాలె.

సైదమ్మ ఏం మాట్లాడలే.
పప్పుగుత్తి తెచ్చి గోడ మీద కొట్టింది. టక్.
ఇటు అండాలు చెవి ఆనిచ్చింది.
"ఈడ గాదు. జెర కిందికి."
నాతోనే అన్నది. నేను నోరు తెరవకముందే
టక్, జెర కింద.
"ఇంకింత పక్కకు."
టక్.
"ఆఁ."

తొర్రలు కలిసినంక ముందుగాల దూరింది తీగ గాదు,
సైదమ్మింటి ఎల్లిపాయ పోపు.
అండాలు తుమ్మింది.

తీగ అటు పోయినంక
మూరెడు తక్కువైంది.
సిగ్గుతోని కొనలు చీల్చిన.
ఎనిమిది పోగులు. మెలికలు విప్పి, సాపు చేసి
తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలి,
తెల్లనీలి, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ.
నిద్రల లేపి అడిగినా చెప్త.
పచ్చజంటనే ఎందుకు విడదీస్తం,
నడుమ నీలిజంటను ఎందుకు కూసోబెడ్తమని
పని నేర్చుకునేటప్పుడు ఉస్తాదును అడిగితే
"అట్లనే నడుస్తది, నొక్కు" అన్నడు.
నొక్కిన. ఇప్పటికీ నొక్కుతున్న.

"ఆ అతుకేదో గోడల పూడ్చరాదూ, కనపడకుంట ఉంటది"
అన్నది అండాలు.
వద్దమ్మా అన్న.
తీగ ఊకె చెడదు, చెడితే అతుకే చెడ్తది.
చెయ్యి అందే కాడ ఉండాలె.

సైదమ్మ దిక్కు గోడకు ఒక గూడున్నది,
ఎనకట చిమ్నీదీపం పెట్టేది. పైన మసి ఇంకా పోలే.
ఆడ పెట్టిన.
తొర్ర చుట్టూ పాత జాకెట్ గుడ్డ కుక్కింది సైదమ్మ,
బల్లులొస్తయని. నేనేం అడగలే.
కూలి మూడొందలు.
చాయ్ రెండు దిక్కుల నుంచీ వచ్చింది.
రెండూ తాగిన.

ముసురు పట్టిన దినాలల్ల ఫోను. అండాలు.
"నెట్టు ఆగింది. పిల్ల నల్గొండ బస్సుల ఉన్నది,
దిగంగనే డ్యూటీ."
నేను మల్లేపల్లి కాడ స్తంభం మీదున్న.
అతుకు కాడ చూడుండ్రి,
వదులైతే క్లిప్పు టక్కుమనే దాకా నొక్కుండ్రి అన్న.

"అది అటు గూట్ల ఉన్నదాయె."

"ఆఁ. ఆడ్నే."

ఫోను పెట్టెయ్యలే ఆమె. నేను గూడ.
తుప్పర మీద పడ్తున్నది, చేతులు జారుతున్నయి.
గొళ్ళెం తీసిన చప్పుడు.
చెప్పులు, నీళ్లల్ల.
ఇంకో గొళ్ళెం.
చానసేపు ఏం లేదు.
ఎవరో దగ్గినట్టైంది, ఎవరో తెల్వలే.

ఆ తర్వాత, టక్.
క్లిప్పుదే అనుకున్న.